డోలీ మోసినవాడి మొక్కు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు మైకు ఇస్తూ, "మీ బ్యాచ్ వాళ్ళు నల్లమల అడవిలో నడిచారట కదా, ఆ సంగతి చెప్పండి. వంతెనల లెక్కలు మాత్రం చెప్పకండి" అన్నారు. ముప్పై ఏళ్ళుగా వంతెనల డిజైన్లతో బతుకుతున్నవాణ్ని. లెక్కల జోలికి పోకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను. అయితే నల్లమలకు వెళ్ళే ముందు మన రాంగోపాల్‌పేట్‌లోనే ఒక్క నిమిషం ఆగాలి.

ఈ పేట పేరు దీవాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ గారిది. పాత జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ ముందు నుంచి రోజూ బడికి నడిచిన మనందరికీ ఆ పేరు తెలుసు. కానీ ఆషాఢంలో ఈ వీధులన్నీ నిండిపోయే రోజు ఉందే, మనకు బడికి సెలవిచ్చే రోజు, లష్కర్ బోనాలు, ఆ పండుగ మనకు ఇచ్చినవాడు సేఠ్ కాదు. అతని పేరు సురిటి అప్పయ్య. దండులో డోలీ మోసే మనిషి.

లష్కర్ అంటేనే దండు. 1806లో సికిందర్ జా పేరు మీద ఈ ఊరికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు గానీ, జనం నోట ఇది లష్కరే. దండు ఎక్కడ విడిది చేస్తే అక్కడికి సిపాయిలతో పాటు వంటవాళ్ళు, గుర్రాల కాపరులు, నీళ్ళు మోసేవాళ్ళు, డోలీ బోయీలు వెళ్ళాలి. జబ్బుపడినవాణ్ని, దెబ్బతిన్నవాణ్ని భుజాన మోసుకెళ్ళడం బోయీ పని. ఆలయ చరిత్ర చెప్పే ప్రకారం 1813లో అప్పయ్య తన దండుతో ఉజ్జయినిలో ఉన్నాడు. అప్పుడు ఇక్కడ కలరా వచ్చింది. మన తాతలు గత్తర అనేవారు. ఇక్కడ జనం పిట్టల్లా రాలిపోతున్నారన్న కబురు అక్కడికి చేరింది. మోయడం తప్ప మరో పని తెలియని మనిషి, మోయడానికి వీల్లేనంత దూరంలో ఉన్నాడు. ఉజ్జయిని మహంకాళికి మొక్కుకున్నాడు. మా ఊరు ఈ గండం దాటితే నిన్ను అక్కడ నిలబెట్టుకుంటాను తల్లీ అని. తిరిగొచ్చాక 1815లో కర్రతో చేయించిన అమ్మవారిని ఇక్కడ ప్రతిష్ఠించాడు.

నేను గమనించిన విషయం ఒక్కటే. అప్పయ్య తన ఆరోగ్యం కోసం మొక్కలేదు, జీతం పెరగాలని మొక్కలేదు. ఉజ్జయినిలో ఉన్నవాడికి ఇక్కడి గత్తర అంటదు. తనకు ముఖపరిచయం లేనివాళ్ళ కోసం కూడా మొక్కాడు. గండం దాటాక మాట తప్పినా అడిగేవాళ్ళు లేరు. అయినా తప్పలేదు. ఆ మాట ఈనాటికీ బోనం ఎత్తిన ప్రతి ఆడపడుచు తల మీదా నడుస్తూనే ఉంది.

ఇక నల్లమల సంగతి.

మహాశివరాత్రికి శ్రీశైలం బ్రహ్మోత్సవాలప్పుడు అడవి దారిన కాలినడకన వెళ్ళే భక్తులు వేలల్లో ఉంటారు. ఉగాదికైతే కర్ణాటక నుంచి వచ్చే భక్తులతో ఆ దారి కిటకిటలాడుతుంది. ఇప్పటి నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలో అడుగుపెడితే నాగలూటి వీరభద్రస్వామి గుడి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరాలి. నలభై కిలోమీటర్లకు పైమాటే. ఇది నిన్న మొన్నటి దారి కాదు. రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్రలో చదువుకున్నాం. మన సోషల్ మాస్టారు ఒకటికి రెండుసార్లు అడిగిన ప్రశ్న అది. మోకాళ్ళతో జవాబు రాయాల్సి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మేం పదకొండు మందిమి బయల్దేరాం. అందరం యాభై దాటినవాళ్ళమే. వీపు మీద సంచులు చూస్తే మాత్రం ఎవరెస్టుకు వెళ్తున్నట్టు ఉంది. ఒకడు ఇస్త్రీ చొక్కా తెచ్చాడు. ఒకడు రెండు కిలోల సకినాలు తెచ్చాడు. నాగలూటి దాటి మెట్లెక్కేసరికి సకినాల సంచి అందరికీ ఇష్టమైన సంచి అయింది. అందులోంచి తింటే బరువు తగ్గుతుంది కదా!

మాతో వచ్చినవాళ్ళలో ఒక మిత్రుడి గురించి చెప్పాలి. అతని అనుమతితోనే, పేరు లేకుండా చెబుతున్నాను. ఫిజిక్స్‌లో మా అందరికంటే ముందుండేవాడు. 2021లో కరోనా రెండో విడతలో భార్యను పోగొట్టుకున్నాడు. ఆ తరవాత ఇంట్లో దేవుడి గది తలుపు మూసేశాడు. పెళ్ళిళ్ళకు రాడు, మన కలయికలకు రాడు. ఈ నడకకు మాత్రం, "దర్శనానికి రాను, నడవడానికైతే వస్తాను" అని వచ్చాడు. అదే చాలనుకున్నాం.

రెండో రోజు పెద్దచెరువు దగ్గర అన్నదాన శిబిరంలో ఆగాం. ఆ దారి పొడవునా దాతలు పందిళ్ళు వేసి మజ్జిగ, నీళ్ళు, అన్నం పెడతారు. అక్కడ ఒక కుర్రాడు, ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి, శివమాల వేసుకుని డ్రమ్ముల దగ్గర నిలబడి నీళ్ళు పోస్తున్నాడు. "ఒక్కపారే తాగాకండి స్వామీ, కొంచెం కొంచెం తాగండి. కూచోండి, యాడికి పోతాది శ్రీశైలం?" అంటున్నాడు. మాలో ఇద్దరం పెద్ద ఉద్యోగాలు వెలగబెడుతున్న ఇంజనీర్లం. అతని మాటకు పిల్లల్లా కూర్చుని తాగాం.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, ఆత్మకూరు చుట్టుపక్కల ఇళ్ళకు వైరింగ్ చేస్తాడట. ఏటా ఈ రోజుల్లో పని ఆపుకుని శిబిరానికి వస్తాడు. నాలుగేళ్ళుగా వస్తున్నా శివరాత్రి రాత్రి శ్రీశైలంలో ఉండలేదు. లింగోద్భవ వేళ గుడిలో దీపాలన్నీ ఆర్పేసి, చీరాల నేతన్న చీకట్లో దిగంబరంగా విమాన శిఖరం నుంచి నందులదాకా పాగా చుడతాడు. రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన పాగా అది. దాన్ని కళ్ళారా చూడాలని ఎంతమందికో కోరిక. "నువ్వెప్పుడు చూస్తావురా అబ్బాయ్?" అని అడిగాను. "ఆఖరి మనిషి ఈ దోవ దాటినాక పోతా స్వామీ. పాగా కట్టేది అయిపోయుంటాది. శివుడు ఉంటాడు గదా" అన్నాడు.

పెద్దచెరువు నుంచి భీముని కొలను వైపు బయల్దేరిన గంటన్నరకు మన మిత్రుడు ఉన్నట్టుండి దారి పక్కన కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. షుగర్ ఉన్నవాడు. మాత్ర వేసుకుని, కడుపు బరువైతే నడవలేనని సరిగ్గా తినకుండా నడిచాడు. ఫోన్లకు సిగ్నల్ లేదు. మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అంతలో ఆ కుర్రాడే, మరో ఇద్దరితో కలిసి, నడవలేక ఆగిపోయినవాళ్ళ కోసం నీళ్ళ డబ్బా పట్టుకుని ఆ దారిన వచ్చాడు. మనిషికి స్పృహ ఉందని చూసుకుని, ముందు బెల్లం నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించాడు. ఆ తరవాత రెండు వెదురు గడలు, మా సంచుల్లోంచి రెండు దుప్పట్లు. పది నిమిషాల్లో డోలీ తయారైంది.

నేను బరువుల లెక్కలు కట్టేవాణ్ని. ఎనభై కిలోల మనిషిని రాళ్ళ దారిలో మోయడం అంటే ఏమిటో కాగితం మీద తెలుసు. ఆ రోజు భుజం మీద తెలిసింది. మేం వంతులవారీగా మారాం. ఆ కుర్రాడు మాత్రం ముందు గడ వదల్లేదు. దారి తెలిసినవాడు ముందుండాలట. శిబిరం దగ్గరికి చేరేసరికి మనవాడు మాట్లాడుతున్నాడు. అక్కడి వైద్యుడు చూసి, ఆ రాత్రికి కదలొద్దన్నారు.

రాత్రి చాప మీద పడుకుని మిత్రుడు ఆ కుర్రాణ్ని పిలిచాడు. మేమందరం వింటున్నాం.

"బాబూ, ఒకటి అడుగుతాను. నేను దేవుణ్ని నమ్మను. మొక్కు తీర్చుకోవడానికి రాలేదు. నమ్మనివాణ్ని మోస్తే నీకు పుణ్యం వస్తుందా?"

కుర్రాడు నవ్వాడు. "మోసేటప్పుడు మీరు నమ్ముతారా లేదా అని నేను అడగలేదు గదా స్వామీ. నమ్మినోడైనా, నమ్మనోడైనా బరువు అంతే ఉంటాది."

కాసేపాగి తనే చెప్పాడు. వాళ్ళ నాన్న ఒక ఉగాది యాత్రలో ఇదే దారిలో ఎండదెబ్బకు పడిపోయాడట. ఎవరో ఇద్దరు కన్నడ భక్తులు ఆయన్ని నాగలూటి దాకా మోసుకొచ్చారట. "వాళ్ళ మాట మా నాయనకు తెలీదు, మా నాయన మాట వాళ్ళకు తెలీదు. ఈయనకు తెలివొచ్చేసరికి వాళ్ళు లేరు. పేరు గూడా తెలీదు. మా నాయన ఆపైన పదేళ్ళు బతికినాడు స్వామీ. నన్ను చదివించినాడు. ఆ పదేళ్ళూ వాళ్ళిచ్చినవే. అప్పు తీర్చాలంటే వాళ్ళు కనపడరు. అందుకే వచ్చినోళ్ళకంతా తీరుస్తా ఉండా."

మిత్రుడు మళ్ళీ ఏమీ అడగలేదు. చాలాసేపు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకున్నాడు.

ఇలాంటి చోట ఉపన్యాసకులు, "ఆ క్షణం నుంచి అతనికి భక్తి కలిగింది" అంటారు. నేను అనలేను, ఎందుకంటే కలగలేదు. శ్రీశైలంలో మేమందరం క్యూలో ఉంటే అతను బయట మెట్ల మీద కూర్చుని పదకొండు సంచులకు కాపలా కాశాడు. కానీ మొన్న కార్తీకంలో నాకు ఫోన్ చేసి, ఆ అబ్బాయి నంబరు అడిగాడు. వచ్చే శివరాత్రికి వారం రోజులు శిబిరంలో పనిచేస్తానని చెప్పడానికట. "మరి దేవుడి సంగతి?" అన్నాను. "ఆయన సంగతి తరవాత చూద్దాం. ముందు అప్పు ఉంది కదరా" అన్నాడు.

కార్యదర్శి గారు క్షమించాలి, ఒక్క ఇంజనీరింగ్ మాట చెబుతాను. వంతెన మీద బండి వెళ్ళేవాడు స్తంభాన్ని చూడడు. స్తంభం కూడా బండిలో ఎవరున్నారని అడగదు. అడిగితే అది వంతెన కాదు, చెక్‌పోస్టు. నమ్మకం అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. మన వెనక వచ్చేవాడెవడో తెలియకపోయినా, వాడి బరువుకు సరిపడా గట్టిగా నిలబడటం. అప్పయ్య అలా నిలబడ్డాడు. పెద్దచెరువు కుర్రాడూ అలాగే నిలబడ్డాడు. ఇద్దరూ మోసేవాళ్ళే, ఇద్దరూ దండు వెంట ఉండేవాళ్ళే. ఒకరిది సిపాయిల దండు, ఒకరిది శివభక్తుల దండు.

ఇప్పుడు ఈ సభకు సంబంధించిన మాట. మా నాన్న రాణీగంజ్‌లో ఇనుప సామాన్ల దుకాణంలో గుమాస్తా. నా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాల్సిన వారంలో ఆ దుకాణం మూతపడింది. గడువు చివరి రోజు ఆఫీసు గది దగ్గర జాబితా చూస్తే నా పేరుకు ఎదురుగా 'చెల్లించారు' అని ఉంది. ఎవరు చెల్లించారో రాయలేదు. మాస్టార్లను ఒక్కొక్కరినీ అడిగాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఈ వేదిక మీదే ఉన్నారు. చూడండి, ఇప్పుడు కూడా కిందికే చూస్తున్నారు! నా చదువు, ఉద్యోగం, నేను డిజైన్ చేసిన ప్రతి వంతెన ఆ ఒక్క మాట మీద నిలబడ్డవే. ఆ అప్పు ఎవరికి తీర్చాలో తెలియక ముప్పై ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. ఈ గదిలో ఇలాంటి అప్పు ఉన్నవాణ్ని నేనొక్కణ్నే కాదని నాకు తెలుసు.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలన్న చర్చ నడుస్తోంది. దాతల పేర్లతో పాలరాతి ఫలకం పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. అది తప్పని నేను అనను. సేఠ్ గారి పేరు పేటకు ఉండటం మనకందరికీ సంతోషమే. కానీ ఆ నిధిలో ఒక భాగానికి ఫలకం వద్దు, రసీదు మీద పేరు వద్దు అని నా మనవి. ఫీజు కట్టలేని పిల్లవాడి పేరుకు ఎదురుగా 'చెల్లించారు' అని ఉండాలి, అంతే. ఎవరు చెల్లించారని వాడు అడిగితే మనం కూడా మన మాస్టార్లలాగే కిందికి చూద్దాం.

ఏదో ఒక రోజు వాడు కూడా ఎవరి అప్పో తెలియని అప్పు తీర్చడానికి బయల్దేరతాడు. దారిలో నీళ్ళు పోసే మనిషి ఉండేలా చూడటం మన పని.