నిలువ నీడ లేనివారి బాధ్యత ఎవరిది?

రాత్రిపూట తల దాచుకునే చోటు లేని మనిషికి ఏ శాఖ ఏం చేయాలో, ఆ శాఖలన్నిటినీ ఎవరు కలపాలో చెప్పే చట్టం తెలుగు రాష్ట్రాల్లో నేటికీ లేదు. ఉన్నవల్లా విడివిడి చట్టాలు, జీవోలు, పథకాలు, కోర్టు ఉత్తర్వులు.

ముందుగా వచ్చింది శిక్షించే చట్టం. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ భిక్షాటన నిషేధ చట్టం అడుక్కునేవారిని పట్టుకుని నిర్బంధించే వీలు కల్పించింది. సరిగ్గా ఆ ఏడాదే బ్రిటన్ పార్లమెంటు ఇల్లులేని వారి కోసం చట్టం చేసి, పిల్లలున్న కుటుంబాల వంటివారికి వసతి చూపే పూచీని స్థానిక సంస్థల మీద పెట్టింది. ఇక్కడ మాత్రం పాత చూపు చాలాకాలం పోలేదు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి, వీధుల్లోని వారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైలు ఆవరణల్లోని వసతులకు తరలించారు. ఇది ఆదుకోవడం కాదు, కంటికి కనపడకుండా చేయడం.

దారి మళ్లించింది సుప్రీంకోర్టు. ఆహార హక్కు కోసం పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ 2001లో వేసిన కేసులోనే, 2010 చలికాలంలో ఢిల్లీ నిరాశ్రయుల గోడు విచారణకు వచ్చింది. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు కట్టాలన్న ఆదేశాలు తర్వాత ఇతర నగరాలకూ విస్తరించాయి. ఆ ఏడాదే ఢిల్లీ శాసనసభ చట్టం చేసి, ముఖ్యమంత్రి అధ్యక్షుడిగా పట్టణ ఆశ్రయ అభివృద్ధి బోర్డును నెలకొల్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఒక్కో మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని నిర్దేశించింది. అయితే అది పథకం మాత్రమే. అమలు కాకుంటే నిరాశ్రయుడు ఫలానా అధికారిని నిలదీయవచ్చని అందులో లేదు.

లెక్కే సరిగా తేలని జనం వీరు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది రైల్వే ప్లాట్‌ఫారాలు, గుడి మండపాలు, సిమెంటు గొట్టాలు వెతికి దేశంలో 17.7 లక్షల మందిని నమోదు చేశారు. ఆ రాత్రి కంటపడనివారు లెక్కలోకి రాలేదు.

తెలంగాణలోని సింగరేణి బొగ్గు బెల్టులో సమస్య తీరు వేరు. కంపెనీ క్వార్టర్ కొలువుతో ముడిపడినది. బొగ్గుబాయి పని ముగిస్తే ఖాళీ చేయాలి. కాంట్రాక్టు కార్మికుల్లో చాలామందికి అదీ లేదు. అందుకే కంపెనీ జాగాల్లో గుడిసెలు పడ్డాయి. గుడిసెలు రేకుల ఇళ్లయ్యాయి, కరెంటు మీటర్లు వచ్చాయి, పట్టా మాత్రం రాలేదు. 2014లో జీవో 58, 59 ప్రభుత్వ స్థలాల్లోని ఇళ్లను క్రమబద్ధీకరిస్తే, 2019లో జీవో 76 సింగరేణి వదులుకున్న స్థలాలకు ఆ వీలు కల్పించింది. 2015లో వచ్చిన డబుల్ బెడ్‌రూం పథకం ఇళ్లు కట్టి ఇస్తామంది. 2024 నాటి ఇందిరమ్మ ఇల్లు తొలి విడతలో సొంత జాగా ఉన్నవారికే రూ. 5 లక్షలు. ఏ జాగా లేని మనిషి ఈ వరుసలో చివరనే మిగిలాడు.

ఇదే బొగ్గు బెల్టులోని మందమర్రిలో మరో చిక్కు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం; గిరిజనేతరులకు భూమి బదలాయింపును 1/70 చట్టం అడ్డుకుంటుంది. ఆదివాసుల భూమికి ఆ రక్షణ ఉండి తీరాలి. దీనికి తోడు పురపాలక ఎన్నికలు దశాబ్దాలుగా జరగక, పాలన అధికారుల చేతుల్లోనే నడిచింది. భూమి కంపెనీది, పట్టా రెవెన్యూది, ఆశ్రయం మున్సిపాలిటీది, రేషన్ పౌరసరఫరాలది. రాష్ట్రం చట్టం చేస్తే ఈ నలుగురినీ జిల్లా కలెక్టర్ కింద ఒక్కచోట కూర్చోబెట్టాలి, గడువులు పెట్టాలి, భిక్షాటన చట్టాన్ని రద్దు చేయాలి. షెడ్యూల్డ్ ప్రాంతానికి ఆ కొత్త చట్టాన్ని ఏ మార్పులతో వర్తింపజేయాలో నిర్ణయించే అధికారాన్ని రాజ్యాంగం అయిదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చింది.