పురుగుమందుకు పాలు విరుగుడు కావు
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



వాటా ధనం, బోనసు, లెక్కల గురించి మాట్లాడే మేము ఈ రోజు ఒక ప్రాణాపాయం గురించి మనవి చేయదలచాము.

ఒక సంఘంలో మేము తనిఖీలో ఉండగా, పత్తి చేనుకు మందు కొట్టి వచ్చిన సభ్యుడొకరు సాయంత్రం పాలు పోసే వేళకు కుప్పకూలారు. నోట నురుగు, ఒళ్లంతా చెమట. "పాలు పట్టండి, విషం విరుగుతుంది" అన్నారు నలుగురూ. మేమూ అడ్డు చెప్పలేదు. చెంబుతో పోసిన ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి, విషానికి న్యుమోనియా తోడైంది. ఆయన బ్రతికారు గాని, ఆ చెంబును మేము మరువలేదు.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటివి ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు. మింగితేనే కాదు, చర్మం గుండా, శ్వాస ద్వారా కూడా ఒంట్లోకి పోతాయి. నరాల పనిని అదుపులో ఉంచే ఎంజైమును ఇవి కట్టివేస్తాయి. దానితో చొంగ, కన్నీరు, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. కండరాలు అదురుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడదు.

ఆసుపత్రిలో ముందు ఊపిరి నిలబెడతారు. అట్రోపిన్ ఇంజెక్షన్ ఇచ్చి, చాలకపోతే కొద్ది నిమిషాలకొకసారి మోతాదు రెట్టింపు చేస్తూ, ఊపిరితిత్తుల్లో గురగుర పోయేవరకు ఇస్తారు. ప్రాలిడాక్సిమ్ కూడా వాడవచ్చు. స్పృహ వచ్చింది గదా అని రోగిని ఇంటికి తీసుకుపోరాదు. 1 నుంచి 4 రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడవచ్చు. అప్పుడు వెంటిలేటరే ఆధారం. అన్ని మందులకూ చికిత్స ఒకటి కాదు. పారాక్వాట్ కలుపుమందుకైతే విరుగుడే లేదు. అందుచేత మందు డబ్బాను, దాని కాగితాన్ని డాక్టరుకు తప్పక చూపాలి.

మనం చేయవలసినవి ఇవి: వెంటనే 108కు ఫోను చేయాలి. మందు తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బునీళ్లతో బాగా కడగాలి. కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పాలు, నెయ్యి, ఉప్పునీళ్లు ఏవీ పట్టరాదు, వాంతి చేయించరాదు. మనస్తాపంతో తాగినవారైతే కేసుకు భయపడి దాచవద్దు. డాక్టరుకు నిజం చెప్పండి, కోలుకున్నాక నిందించకండి.

పశువు మందు కొట్టిన మేత తిన్నా పశువైద్యుణ్ణి పిలవాలి. ఆయన చెప్పేవరకు ఆ పాలు సంఘానికి పోయరాదు. ఖాళీ మందు డబ్బాలో ఎన్నడూ పాలు తేరాదు.

పాలు మన జీవనాధారం. వాటిని మందుగా మాత్రం నమ్మవద్దు.