పెరటి పక్షులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



పక్షులను చూచు వినోదమునకు దూరప్రయాణము చేయవలెనని పలువురు తలంతురు. గూడబాతులను చూచుటకు నెల్లూరు సీమలోని నేలపట్టునకు పోవుదురు. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమునకు పోవుదురు. అవి చూడదగిన స్థలములే. నేలపట్టు చెరువు 1976లో పక్షుల రక్షితప్రదేశమైనది. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు ఎరువని అచ్చటి రైతులు నమ్ముదురు. కాని ఒకనాటి కూలి మానుకొని, దారిబత్తెము పెట్టుకొని పోజాలనివానికిని ఈ వినోదము కలదు. పెరటిలో ఒక వేపచెట్టు, ఊరిబయట ఒక చెరువుగట్టు ఉన్న చాలును.

నిజమునకు, జొన్నచేలో మంచెమీద కూర్చుండి వడిసెల త్రిప్పువానికన్న పక్షుల నెరిగినవాడు ఊరిలో వేరొకడు లేడు. ఏ జామున ఏ దిక్కునుండి ఏ గుంపు వచ్చి వ్రాలునో, దేనికి కేక చాలునో, దేనికి రాయి కావలయునో అతనికి తెలియును. అట్టివానికి పక్షులు ముద్దని చెప్పబోయిన నవ్వును. అతని పంట వాని నోట నున్నది. గిజిగాడు పాలుపోసుకొన్న గింజను తినును. రామచిలుక తినునదానికన్న కొరికి పారవైచునది హెచ్చు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ చిలుకనే రాష్ట్రపక్షిగా ప్రకటించినదని మంచెమీదివానికి చెప్పకుండుట మేలు! ఈ నష్టమును దాచి పక్షులను పొగడుట న్యాయము కాదు. అయితే ఖర్చు వ్రాసి జమ వ్రాయని లెక్కయు లెక్క కాదు. పిచ్చుకయు గిజిగాడును తమ పిల్లల నోట ఎక్కువగా పెట్టునవి పురుగులే. పసులపోలిగాడు ఆవు వీపుమీద కూర్చుండి, గడ్డిలోనుండి లేచిన మిడుతను గాలిలోనే పట్టును. జనులు అపశకునమని రాళ్లు రువ్వు పగిడికంటి రాత్రివేళ పురుగులను, చిట్టెలుకలను ఏరివేయును. కూలి యడుగని ఈ పనివారి పద్దు ఏ దస్త్రములోను ఎక్కదు.

గిజిగాని సంగతి కొంచెము విపులముగా చెప్పదగినది. గుఱ్ఱము జాషువ గారు ఈ పిట్టమీద పద్యఖండికయే రచించిరి. తొలకరి పడగానే మగపక్షికి తలమీద పసుపువన్నె వచ్చును. దిగుడుబావిమీదికి వంగిన తుమ్మకొమ్మనో, చెరువుగట్టున ఈతమట్టనో చూచుకొని అది పనికి పూనుకొనును. గడ్డిపోచ నైనను, వరియాకు నైనను అంచున ముక్కుతో గంటుపెట్టి, కొసను పట్టుకొని ఎగిరిపోవును; ఆ విసురునకు సన్నని నార చీలివచ్చును. ఇట్లు వందల పర్యాయములు తిరిగి నేత సాగించును. గూళ్లు తరచుగా చెట్టునకు తూర్పువైపున వ్రేలాడుట చూడవచ్చును. నైరృతి గాలివానకు అది చాటు.

ఇక గూడు సగమై, బోర్లించిన బుట్టవలె నున్నప్పుడు అసలు పరీక్ష. ఆడుపక్షులు వచ్చి లోపల దూరి, నారలు లాగి చూచును. మగపక్షులు రెక్కలాడించుచు, గోల చేయుచు, తమ తమ గూళ్లకు పిలుచుచుండును. గూడు మెచ్చిన ఆడుపక్షి నిలుచును. మెచ్చనిది మారుమాట లేక పోవును. నిలిచినప్పుడే మగపక్షి తక్కిన సగము నేసి, క్రిందికి గొట్టమువంటి ద్వారము దించును. అంతయు కలిసి సుమారు పదునెనిమిది దినముల పని. చెట్లమీద సగములో విడిచిన గూళ్లు మగపక్షి ఊయెలలని కొందరందురు. అవి ఊయెలలు కావు, ఎవరును మెచ్చని ఇండ్లు. ఆడుపక్షి గ్రుడ్లు పొదుగ మొదలిడినంతనే ఆ మగపక్షి వేరొక గూటికి పునాది వేసి, వేరొకదానిని పిలువ నారంభించును! ఈ గృహరహస్యమును వెల్లడించినవారు సాలిం ఆలీ గారు. బొంబాయి దాపున కిహిం అను సముద్రతీర గ్రామమున 1930లో ఒక గూళ్లచెట్టును కనిపెట్టి చూచి, 1931లో దానిని ప్రకటించిరి. పిమ్మట హైదరాబాదు సంస్థానమందలి పక్షులను కూడ వారు పరిశీలించిరి. కిహింలో వారు చూచినది ఒక పల్లెటూరి చెట్టును మాత్రమే; అట్టి చెట్టు ప్రతి గ్రామమునను ఉండెడిది.

గిజిగాడు గూటిలో మిణుగురుపురుగును దీపముగా గ్రుచ్చునని ఒక ముచ్చట కలదు. బురద మెత్తుట నిజమే. రాత్రివేళ నిచ్చెన వేసి ఆ దీపమును చూచివచ్చినవాడు మాత్రము ఇంతవరకు కనబడలేదు. పిల్లలు ఆటకై గూళ్లు కోసి తెచ్చుట కలదు. కార్తికము వెళ్లినపిదప వట్టి గూడు తెచ్చిన పెద్ద నష్టము లేదు. శ్రావణ భాద్రపదములలో తెచ్చిన గూటిలో కన్నులు తెరవని కూనలు ఉండవచ్చును. బావిపొంత తుమ్మ కొట్టివేసిన ఊరిలో ఆ పిల్లలకు గూడే దొరకదు.

కాకి, కోకిలల సంసారము ఇంతకంటె చిత్రము. అమరకోశము వల్లెవేసినవారికి కోకిలకు పరభృతమని పేరు గలదని తెలియును. పరులచే పోషింపబడినదని అర్థము. కాకికి పరభృత్తని పేరు; పరుల పోషించునదని అర్థము. ఒక్క అక్షరపు తేడాలో ఆ రెండు పక్షుల బ్రతుకును నిఘంటుకారుడు ఇమిడ్చినాడు. ఇది పుస్తకమున చదివి ఊరకుండదగినది కాదు. వేసవిలో కాకి గూడు కట్టిన చెట్టుక్రింద నాలుగు దినములు నిలిచి చూడవలయును. నల్లని కోకిల గూటి దాపున కూయును; కాకులు రెండును దానిని తరుముకొని పోవును; ఆ సందున చారల చుక్కల కపిలవర్ణపు పక్షి యొకటి గూటిలో దూరి వచ్చును. ఆ చుక్కలదే ఆడుకోకిల. జనులు కోయిలమ్మ యని మురియు గాయకుడు మగవాడు. అమ్మకు కిక్కిక్కను అరపే గాని పాట లేదు. ఆషాఢమునాటికి కాకి తనకన్న వేరు రంగుగల పిల్లకు కొమ్మమీద మేత పెట్టుచుండును. దానిని చూచినవారు కాకిని తెలివిగల పక్షి యనుటకు ఒక క్షణము సంశయింతురు.

పల్లెవాని చూపు తక్కువదని ఎవరును తలపరాదు. కడప సీమలోని కలివికోడిని 1848లో జెర్డన్ దొర శాస్త్రజ్ఞులకు ఎరుకపరచెను. 1900 తరువాత అది కానరాక, నశించినదనియే వారు తలచిరి. 1986లో అది మరల దొరికినది. పట్టి తెచ్చినవాడు ఆ ప్రాంతపు వేటగాడే.

దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని పెద్దలు చెప్పిరి. చేని గట్టునకు పోయి, తీగెమీద కూర్చున్నదానిని చూచుట ఆ ఆచారము. రెక్కలు కట్టి, పంజరమున పెట్టి, వీధివీధికి త్రిప్పినదానిని రూపాయ లిచ్చి చూచుట ఆచారము కాదు, బేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కలదు. పక్షిని పట్టుట నేరము. చూపించుకొనుటకు డబ్బిచ్చువాడు లేనిచో పట్టువాడును ఉండడు.

పెంకుటిండ్లు పోయి మిద్దెలు వచ్చినపిదప వాసాల సందున పిచ్చుకకు చోటు తగ్గినది. సంక్రాంతికి వరికంకులు కుచ్చుగా అల్లి చూరునకు కట్టు ఇండ్లు ఇంకను కొన్ని కలవు. ఆ కుచ్చు అల్లుట తెలిసిన ముదుసలులు ఈ సభలోనే కూర్చున్నారు. నేర్చుకొన దలచిన పిల్లలు ఈ సాయంకాలమే వారి నడుగవచ్చును.

తుదకు గ్రంథాలయమువారికి ఒక విన్నపము. పత్రికల బల్లమీద ఒక నూరు పుటల పుస్తకము ఉంచవలయును. అడంగలు వలె గళ్లు గీసి, తేదీ, పిట్ట పేరు, చూచిన చోటు, చూచినవారి పేరు వ్రాయుటకు వీలు కల్పించవలయును. చదువురానివారు చెప్పిన గ్రంథాలయాధికారి వ్రాయవలయును. చలి మొదలుకాగానే ఉత్తరపు కొండలనుండి కాటుకపిట్ట దిగి, చెరువు తడిలో తోక ఆడించుచు తిరుగును. ఈ యేడు దానిని తొలుత చూచినవారి పేరు మొదటి వరుసలో పడును.