తరిగిపోయే బండికి బలమెంత?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన చోట వీడు భౌతికశాస్త్రం ఎత్తుకున్నాడేమిటని అనుకోకండి. ఇంటర్ చదివే మనవలు, మనవరాళ్ళు ఉన్న ఇళ్ళు మనవి. వాళ్ళు మార్కులు పోగొట్టుకునే లెక్క ఒకటుంది. అది మనబోటి గుమాస్తాలకు సులువుగానే బోధపడుతుంది.

ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే బలం వస్తుందని అందరం చదివాం. ద్రవ్యరాశి మారనంత కాలం అది చాలు. మారుతూ ఉంటే? ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం. అది సెకనుకు ఎంత మారితే అంత బలం అని పిల్లలు సూత్రం వేసేస్తారు. జాగ్రత్త పడవలసింది ఇక్కడే.

ఇసుక బండి ఒకటి రాపిడి లేని పట్టాల మీద ఒకే వేగంతో పోతోందనుకోండి. అడుగున చిల్లిపడి ఇసుక కారిపోతోంది. బండి ద్రవ్యవేగం తగ్గుతోంది కాబట్టి ఏదో బలం వెనక్కి లాగుతోందని ఆ సూత్రం చెబుతుంది. నిజానికి ఏ బలమూ లేదు. బదిలీ అయిన ఉద్యోగి తన ఎల్.పి.సి. వెంట తీసుకుపోయినట్టు, కారిన ఇసుక తన వాటా ద్రవ్యవేగాన్ని తనతోనే పట్టుకుపోయింది. మిగిలిన బండి వేగం మారదు.

బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు సంగతి వేరు. సెకనుకు 2 మీటర్లు నడిచే బెల్టు మీద సెకనుకు 100 కిలోల బొగ్గు నిలువుగా పడుతుంటే 200 న్యూటన్ల బలం అదనంగా కావాలి. అంటే సుమారు 20 కిలోల బరువును ఎత్తి పట్టుకునేంత. బొగ్గు ముందుకు పోయే వేగం లేకుండా వచ్చింది, ఆ వేగం బెల్టే ఇవ్వాలి కదా!

కనుక ఎంత పోయింది, ఎంత చేరింది అన్నది ఒక్కటే చాలదు. బండితో పోలిస్తే ఏ వేగంతో పోయింది, ఏ వేగంతో చేరింది అన్నది ముఖ్యం. ఆ సాపేక్ష వేగాన్ని, సెకనుకు మారే ద్రవ్యరాశిని గుణిస్తే ఆ మార్పు వల్ల కలిగే బలం వస్తుంది. ఇసుక బండిలో ముందు వెనుకల సాపేక్ష వేగం సున్నా, బలమూ సున్నా. మారే ద్రవ్యరాశి మీద రష్యాలో మెషెర్‌స్కీ 1897లో సిద్ధాంత గ్రంథం రాశాడు. రాకెట్ల మీద త్సియోల్కోవ్‌స్కీ వ్యాసం 1903లో వెలువడింది.

రాకెట్టు కూడా తరిగిపోయే బండే. సెకనుకు ఒక టన్ను వాయువును 2,500 మీటర్ల వేగంతో వెనక్కి చిమ్మితే 25 లక్షల న్యూటన్ల తోపు వస్తుంది. సుమారు 250 టన్నుల బరువు మోయగల బలమది. నెట్టడానికి బయటి గాలి అక్కరలేదు, పోయే వాయువే ఆధారం. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను తీసుకుపోయిన వాహనం బయలుదేరినప్పుడు సుమారు 640 టన్నులు. అది మోసిన నౌక 3.9 టన్నులే. తోపు అంతే ఉన్నా, ద్రవ్యరాశి తరిగేకొద్దీ త్వరణం పెరుగుతూ పోతుంది.

మనవడు ఈ లెక్క తెచ్చినప్పుడు, "పోయింది ఏ వేగంతో పోయిందిరా?" అని ఒక్క మాట అడగండి. వాడే దారిలో పడతాడు.