ఎనిమిది రోజుల తీరిక

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం విని మీలో కొందరు నవ్వుకునే ఉంటారు. గృహహింస, ఆస్తిహక్కు, పని చోట వేధింపుల గురించి మాట్లాడుకునే ఈ సభలో ఫిలిం ఫెస్టివల్ ఊసేమిటని. నాకూ మొదట్లో కొంచెం బెరుకుగానే ఉండేది. అయితే కూలి రేట్లు అడిగాం, చట్టాలు అడిగాం గానీ, తీరిక కావాలని మనం ఎప్పుడూ గట్టిగా అడగలేదు.

1986 జనవరిలో హైదరాబాదులో ఫిల్మోత్సవ్ జరిగింది. అప్పుడు నాకు ఏడేళ్ళు. మా నాన్న, ఆయన స్నేహితులు రోజూ వెళ్ళి సినిమాలు చూసొచ్చి, రాత్రిళ్ళు మా ఇంట్లో కూర్చుని వాటి గురించి వాదించుకునేవారు. వాళ్ళందరికీ అన్నాలు వడ్డించింది మా అమ్మ. అమ్మకి సినిమా అంటే ప్రాణం. ఆ ఉత్సవంలో ఒక్కటీ చూడలేదు. ఈ మధ్య అడిగితే, "ఎవరూ వద్దనలేదే. ఎవరూ రమ్మనలేదు కూడా" అంది. సోషియాలజీలో నేను ఏళ్ళ తరబడి చదివినదంతా ఈ రెండు వాక్యాల్లో చెప్పేసింది.

అందుకే 2024 డిసెంబరులో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి తిరువనంతపురం వెళ్ళాను. కేరళ చలనచిత్రోత్సవం 1994లో కోళిక్కోడులో మొదలై, తర్వాత తిరువనంతపురంలో స్థిరపడింది. 1998లో ఏర్పడిన రాష్ట్ర చలనచిత్ర అకాడమీ దాన్ని నిర్వహిస్తోంది. మామూలుగా డిసెంబరులో ఎనిమిది రోజులు. 2021లో మాత్రం కోవిడ్ వల్ల నాలుగు ఊళ్ళలో విడివిడిగా జరిపారు. పాసుకి వెయ్యి రూపాయల పైచిలుకు, విద్యార్థులకి అందులో సగం. పాసు ఉంటే పొద్దున్నుంచి రాత్రి దాకా సినిమాలే సినిమాలు. తంపానూరులో రైలు దిగితే కైరళి, శ్రీ, నిళ థియేటర్లు కూతవేటు దూరంలోనే ఉంటాయి. చూసేది గొప్ప హోటల్లో పిలిచిన అతిథులు కాదు. బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని వచ్చి, క్యూలో నిలబడే మామూలు జనం.

నన్ను ఆకట్టుకున్నది తెర మీది బొమ్మ కంటే థియేటరు మెట్లు. రాత్రి ఆఖరాట వదిలాక ఆడపిల్లలు ఆ మెట్ల మీద కూర్చుని, చూసిన సినిమా గురించి గొంతు పెంచి మరీ పోట్లాడుకుంటున్నారు. ఎవరితో వచ్చావని వాళ్ళని అడిగేవాళ్ళు లేరు. మా అమ్మ వడ్డిస్తూ విన్న వాదనలు ఇక్కడ అమ్మాయిలు చేస్తున్నారు.

కానీ ఆ మెట్ల మీద ఎవరు లేరో కూడా చూడాలి. నేను సర్వే ఏమీ చేయలేదు, కంటికి కనిపించినదే చెబుతున్నాను. ఇరవయ్యేళ్ళ అమ్మాయిలు ఉన్నారు. రిటైరైన టీచర్లు ఉన్నారు. మధ్య వయసు ఆడవాళ్ళు, చంటిపిల్లల తల్లులు బాగా పలచగా ఉన్నారు. అదే వయసు మగవాళ్ళకి మాత్రం కొదవ లేదు. హాలు ఊడుస్తున్న ఒకావిడని నాకొచ్చిన నాలుగు మలయాళం ముక్కల్లో, ఏదైనా సినిమా చూశారా అని అడిగాను. ఆవిడ గోడ గడియారం వైపు చెయ్యి చూపించి, చీపురు అందుకుంది.

ఆ ఏడాది ప్రేక్షకుల ఓట్లతో బహుమతి గెలిచిన సినిమా "ఫెమినిచ్చి ఫాతిమా". ఫెమినిచ్చి అంటే స్త్రీవాదుల్ని వెక్కిరించడానికి మలయాళంలో వాడే మాట. కథ పొన్నానిలో జరుగుతుంది. పిల్లాడు పక్క తడిపి పరుపు పాడవుతుంది, తల్లికి నడుంనొప్పి, కొత్త పరుపు కావాలి. అంతే. ఒక పరుపు కోసం ఆమె ఎన్ని గడపలు దాటాలో చూస్తుంటే హాల్లో మొదట నవ్వులు వచ్చాయి, తర్వాత నిశ్శబ్దం. తీసింది మగవాడు, ఫాసిల్ ముహమ్మద్. దాని మీద మేం ముగ్గురం టీకొట్టు దగ్గర చాలాసేపు వాదించుకున్నాం, తేలలేదు.

ఈ ఉత్సవ వేదిక కొన్ని మంచి పనులు చేసింది. బాంబు దాడిలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న కుర్దు దర్శకురాలు లీసా చలాన్‌ని 2022 మార్చిలో సత్కరించింది. అదే ఏడాది డిసెంబరులో ఇరాన్ దర్శకురాలు మహనాజ్ మొహమ్మదికి పురస్కారం ప్రకటించింది. ఆమె రాలేకపోయింది. తన జుట్టు కత్తిరించి పంపింది. గ్రీకు దర్శకురాలు అథీనా రాచెల్ సంగారి దాన్ని వేదిక మీద అందరికీ చూపించింది.

అదే ప్రభుత్వం మరో పని కూడా చేసింది. 2017లో ఒక నటి మీద జరిగిన దాడి తర్వాత, సినిమా రంగంలోని స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడి పట్టుబడితే జస్టిస్ హేమ కమిటీ ఏర్పడింది. కమిటీ 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అది బయటికి వచ్చింది 2024 ఆగస్టులో, అదీ కొన్ని భాగాలు తీసేసి. నాలుగున్నరేళ్ళు నివేదిక బీరువాలో ఉంటే, ఉత్సవాలు మాత్రం సాగుతూనే ఉన్నాయి. లైంగిక వేధింపులతో పాటు, షూటింగుల్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు, బట్టలు మార్చుకునే గది లేదు అని కూడా అందులో రాశారు. థియేటర్లో ఆడవాళ్ళ టాయిలెట్ ముందు పొడుగాటి వరసలో నిలబడి నేను ఆ పేజీల గురించే ఆలోచించాను.

కేరళని వేలెత్తి చూపే ముందు మన ఇల్లు చూసుకోవాలి. తెలుగు సినిమా రంగంలో వేధింపుల మీద 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. ఉపసంఘం 2022లో నివేదిక ఇచ్చింది. దాన్ని బయట పెట్టమని 2024 ఆగస్టులో నటి సమంత కూడా అడగాల్సి వచ్చింది. సినిమా మీద ఇంత మోజున్న మన ఊళ్ళలో, ఆ సినిమా తీసేచోట ఆడవాళ్ళ పరిస్థితి ఏమిటని అడిగే గొంతులు మాత్రం కొన్నే.

ఇక అసలు సంగతి. మన సంఘం తరఫున వచ్చే డిసెంబరుకి పదిమందిమి వెళ్దామని నా ప్రతిపాదన. విద్యార్థినులు ఎలాగూ వెళతారు, అందుకని ఈసారి ముప్పై నుంచి యాభై మధ్య వయసు వాళ్ళకే ముందు అవకాశం. అంగన్‌వాడీ కార్యకర్తలు ఇద్దరు పేర్లిచ్చారు. ఒకావిడకి ఇంకా ఇంట్లో చెప్పే ధైర్యం రాలేదు, ఆవిడతో కలిసి ఇంటికి వెళ్ళి మాట్లాడదాం. పిల్లల్ని ఎవరు చూస్తారో, పాసుల డబ్బు ఎలా సర్దుకోవాలో ఈ పూటే తేల్చుకోవాలి. సికింద్రాబాదు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. డిసెంబరు కాబట్టి బండి నిండా అయ్యప్ప మాలలో ఉన్న మగవాళ్ళే ఉంటారు. వాళ్ళ దీక్షకి నలభై ఒక్క రోజులు ఇల్లంతా సర్దుకుంటుంది, మనం అడిగేది ఎనిమిది రోజులే. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన పూటే తీసుకోవాలి. పేర్లు రాసుకోవడానికి కాగితం ఇటు వైపు నుంచి పంపిస్తున్నాను.