ఆటలో ఎవరూ చిన్నబోవద్దు

(ప్రసంగ పాఠం)



నన్ను పిల్లల చదువు గురించి మాట్లాడమంటారని అనుకున్నాను. సంఘం వాళ్ళు మాత్రం "మేడం, మన కూటాల్లో ఎట్లాంటి ఆటలు పెట్టాలో చెప్పండి" అన్నారు. ఇదేమంత సంగతి అని మీకు అనిపించవచ్చు. కానీ ఒక ఆటతో నేను ఒక తల్లి మనసు నొప్పించాను. అందుకే నాకు ఇది పెద్ద సంగతి. ముందు అదే చెప్తాను.

కొన్నేళ్ళ కింద నేను పనిచేసిన ఒక హాస్టల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. చుట్టుపక్కల తండాల నుంచి 60 మంది దాకా వచ్చారు. ఊరికే ఉపన్యాసాలెందుకని చీటీల ఆట పెట్టాను. టీచర్ ట్రైనింగ్‌లో ఆడిన ఆటే. డబ్బాలోంచి చీటీ తీయాలి, అందులో ఉన్నది పైకి చదవాలి, అది చేసి చూపాలి. పాట పాడు, కోడిలా కూయి, ఇట్లాంటివి. ఎనిమిదో తరగతి పిల్ల తల్లి వంతు వచ్చింది. ఆమె చీటీని తలకిందులుగా పట్టుకుని నిలబడిపోయింది. ముందు ఎవరో ఒక పిల్ల కిసుక్కుమంది. తర్వాత హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కూతురు తల వంచుకుంది. అన్నాలు పెట్టే వేళకు చూస్తే ఆ తల్లి లేదు. తినకుండానే బస్సెక్కి వెళ్ళిపోయింది. తర్వాత రెండేళ్ళు ఏ సమావేశానికీ రాలేదు.

నేనూ తండాలో పుట్టినదాన్నే. మా యాడి కూడా వేలిముద్ర వేసేది. ఆ రోజు ఆమె ముందు వరుసలో కూర్చుని ఉంటే ఆ డబ్బా బయటికి తీసేదాన్నా? ట్రైనింగ్‌లో ఆ ఆట ఆడినవాళ్ళమంతా చదువుకున్నవాళ్ళమే, మాకు సరిపోయింది. తప్పు ఆటది కాదు. ఎవరొస్తున్నారో ఆలోచించకుండా దాన్ని తెచ్చిపెట్టిన నాది.

అప్పటినుంచి ఏ ఆటైనా ఎంచే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటున్నాను.

మొదటిది: చదువు రానివాళ్ళు ఆడగలరా? మన గోర్ బోలికి సొంత లిపి లేదు. అయినా ఎన్ని పాటలు, ఎన్ని పొడుపు కథలు నోటినుంచి నోటికి వచ్చాయి! పొడుపు కథల పోటీ పెట్టి చూడండి. పదో తరగతి పిల్లలు తెల్లమొహం వేస్తారు, అవ్వలు గెలుస్తారు. హాస్టల్లో తెలుగు, ఇంగ్లిషు నడుమ తమ భాషను దాచుకునే పిల్లలు ఆ రోజు ఇంటికి పోయి "ఇంకోటి చెప్పు" అని అడుగుతారు.

రెండోది: ఒంటికి, కట్టిన బట్టకు, వరసలకు తగినదేనా? మోకాళ్ళ నొప్పులున్న అవ్వను గోనెసంచిలో గెంతమనలేం. పేటియా కట్టినామెను, చీర కట్టినామెను పరుగు పందెంలో నిలబెట్టలేం. ఈమధ్య ఫంక్షన్ హాళ్ళలో ఆలుమగల నడుమ బెలూన్ పెట్టి పగలగొట్టమంటున్నారు. అత్తమామల ముందు ఆ కోడలు పడే ఇబ్బంది చూశారా? కాదనలేక ఆడుతుంది. దాన్ని సంతోషమని మనం ఫోటో తీస్తాం.

మూడోది: ఓడినవాళ్ళు ఏం చేస్తారు? కుర్చీలాటలో అందరికంటే నెమ్మదైనవాళ్ళు మొదట బయటికి పోతారు. అంటే ఎవరిని కలుపుకోవాలని కూటం పెట్టామో వాళ్ళే మూలకు కూర్చుంటారు. మా దగ్గర దాన్ని కొంచెం మార్చాం. కుర్చీల బదులు చాపలు వేస్తాం. ఆడవాళ్ళది వేరే, మగవాళ్ళది వేరే. పాట ఆగినప్పుడల్లా ఒక చాప తీస్తాం, మనిషిని తీయం. చివరికి ఉన్న రెండు చాపల మీద అందరూ సర్దుకోవాలి. ఆ సర్దుకోవడంలోనే అసలు నవ్వులు పుడతాయి.

నాలుగోది: నవ్వు ఎవరి మీద? అందరూ కలిసి నవ్వితే ఆట. ఒక్కరిని చూసి అందరూ నవ్వితే అది ఆట కాదు. ఆడనన్నవాళ్ళను చేయి పట్టి లాగొద్దు. లెక్క చూసే పనో, ఈల వేసే పనో ఇవ్వండి. వాళ్ళూ ఆటలో ఉన్నట్టే.

ఇక కొత్త ఆటల కోసం ఫోన్‌లో వెతకాల్సిన పని లేదు. అష్టాచెమ్మాకు నేల మీద ఐదు గళ్ళు నిలువు, ఐదు గళ్ళు అడ్డం గీసుకుంటే చాలు. నాలుగు గవ్వలు కావాలి. నలుగురు ఆడతారు, చుట్టూ పదిమంది సలహాలిస్తారు. వామనగుంటలకు 14 గుంటలు, పిడికెడు చింతగింజలు. లెక్క రాదనుకున్న అవ్వ అందులో గింజలు ఎంత చకచకా లెక్కిస్తుందో చూడండి. పులి-మేకలో పులులు 3, మేకలు 15. ఒక్క మేక పులిని ఏమీ చేయలేదు. అన్నీ కలిసి దారులు మూస్తే పులి కదలలేక ఓడిపోతుంది. సంఘం ఎందుకని అడిగే కుర్రవాళ్ళకు నేను ఈ ఆటే చూపిస్తాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మనకున్నవన్నీ ఆటలు కావు. ఆదిలాబాద్ గోండు అన్నదమ్ముల గుస్సాడీ ఉంది. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఆ నృత్యానికే. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీలు దండారీ రోజుల్లో నియమాలతో ఉంటారు. అది దీక్ష. వేషం వేసి చప్పట్లు కొట్టించుకునే ఐటంగా దాన్ని పిల్లలతో చేయించవద్దు. మన తీజ్ బుట్టల్లోని గోధుమ మొలకలూ అంతే. స్టేజీ అలంకరణకు కావవి.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. రెండేళ్ళ తర్వాత శ్రావణంలో తీజ్ చూడటానికి వాళ్ళ తండాకు పోయాను. బోరడి ఝష్కేరో జరుగుతోంది. ఇక్కడున్న ఇతరుల కోసం చెప్తున్నాను: పెళ్ళికాని ఆడపిల్లలు నానబెట్టిన శనగలను రేగుముళ్ళకు గుచ్చుతారు. వరసైన పిల్లగాళ్ళు ఆ కొమ్మను ఊపుతుంటారు. ముల్లు గుచ్చుకున్నా ఓర్చుకోవాలి. ఆమె నన్ను చూసింది. ఒక శనగ నా చేతిలో పెట్టి "మీరూ గుచ్చుండ్రి మేడం" అంది. "ఇది పిల్లలది కదా, నాకెందుకు" అన్నా వినలేదు. కొమ్మ ఊపారు. ముల్లు దిగింది. తండా అంతా నవ్వింది, నేనూ నవ్వాను. అక్కడ నాకు చిన్నతనం అనిపించలేదు. నాకు ముందు ఎందరికో గుచ్చుకుంది, నా తర్వాత ఎందరికో గుచ్చుకోబోతోంది.

చీటీ సంగతి ఆమె ఎత్తలేదు. నేనే ఎత్తి, తప్పయిందన్నాను. "అన్నం తిని పోండ్రి" అంది. తిన్నాను.

ఆ ఏడు సమావేశానికి ఆమె వచ్చింది. పొడుపు కథల ఆట ఆమే నడిపించింది. ఆమె వేసిన వాటిలో రెండింటికి నాకే జవాబు రాలేదు.