కూల్చుటకు ముందు వ్రాసుకోవలసిన జాబితా

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

జూబిలీ సభలలో ప్రధానోపాధ్యాయులు పాఠశాల ప్రగతి నివేదిక చదవడం ఆనవాయితీ. ఆ నివేదిక ఈ సంచికలో వేరుగా అచ్చయింది. కనుక నాకు కేటాయించిన సమయాన్ని మరొక విషయానికి వినియోగించుకోవడానికి పెద్దలు అనుమతించగలరని ఆశిస్తున్నాను. మన భవనాన్ని పూర్తిగా తొలగించి కొత్తది నిర్మించాలా, లేక మరమ్మతు చేసి నిలుపుకోవాలా అన్న ప్రశ్న ధర్మకర్తల మండలి ముందున్నదని మీకందరికీ తెలుసు. ఈ ప్రశ్నపై మనలో రెండు పక్షాలున్నాయి. ఇటువంటి ప్రశ్ననే మన ముంబయి మహానగరం ఏ విధంగా ఎదుర్కొంటున్నదో తెలుసుకుంటే మన ఆలోచనకు కొంత క్రమం ఏర్పడుతుందని నా విశ్వాసం.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఈ బాధ్యత స్వీకరించిన తొలి సంవత్సరాలలో సమావేశ మందిరానికి మరమ్మతులు జరిగాయి. ఆ మందిరపు తూర్పు గోడపై ఒక పాత చెక్క పలక ఉండేది. పాఠశాల స్థాపనకు చందాలిచ్చిన వారి పేర్లు దానిపై తెల్లరంగుతో వ్రాసి ఉండేవి. అందులో పెద్ద మొత్తాలేవీ లేవు. మిల్లు కార్మికులు, తాపీ పనివారు తమ కూలిలో మిగిల్చి ఇచ్చిన అణాలు, రూపాయలు అవి. పని చేయించినవారు పనికిరాని కలపనంతా తూకానికి అమ్మడానికి అనుమతి కోరితే, ఆ కాగితం మీద నేను సంతకం చేశాను. అందులో ఆ పలక ఉన్నదని చూసుకోలేదు. కొన్ని నెలల తరువాత ఒక వృద్ధుడు తన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చారు. "మా నాయన పేరు ఈ గోడ మీద ఉండాలమ్మా, పిల్లకు చూపిద్దామని తెచ్చిన" అన్నారు. ఆ గోడ కొత్త రంగుతో మెరుస్తున్నది. నేను ఆయనకు చెప్పగలిగిన సమాధానం ఏమీ లేకపోయింది.

ఏది పోయినా ఫరవాలేదు, ఏది పోకూడదు అన్నది ముందుగా నిర్ణయించుకోకపోవడమే నా పొరపాటని ఆనాడు తెలిసివచ్చింది. ఒక నగరం కూడా ఇటువంటి పొరపాట్లు ఎన్నో చేసిన తరువాతనే మేల్కొంటుంది.

మన నగరంలో 1995లో వారసత్వ నిబంధనలు అమలులోకి వచ్చాయి. నగరాభివృద్ధి నియంత్రణ నియమావళిలో 67వ నిబంధనగా చేరిన ఈ ఏర్పాటు భారతీయ నగరాలలో మొదటిదని పేరు పొందింది. అంతకుపూర్వం పురావస్తు శాఖలు సంరక్షించే ప్రాచీన కట్టడాలకే చట్టపు రక్షణ ఉండేది. నిత్యం జనం మసలే రైల్వే స్టేషన్లు, కళాశాలలు, గ్రంథాలయాలు, నివాస గృహాలు ఆ కోవలోకి వచ్చేవి కావు. ఆ లోటును పూరించడానికి ఆరువందలకు పైగా కట్టడాలతో, ప్రాంతాలతో ఒక జాబితా తయారైంది. వాటి బాగోగులపై సలహా చెప్పడానికి ముంబయి వారసత్వ పరిరక్షణ కమిటీ ఏర్పడింది. వాస్తుశిల్పులు, కట్టడాల పటిష్ఠత తెలిసిన ఇంజనీరు, నగర చరిత్ర ఎరిగినవారు, పర్యావరణవేత్త మున్నగువారికి అందులో స్థానం కల్పించారు.

ఈ కమిటీ అధికారం ఎంతవరకో గ్రహించడం అవసరం. జాబితాలోని భవనాన్ని కూల్చదలచినా, మార్చదలచినా, దానికి అంతస్తు చేర్చదలచినా యజమాని నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. కమిటీ దానిని పరిశీలించి మునిసిపల్ కమిషనరుకు సలహా ఇస్తుంది. అనుమతి ఇచ్చేది కమిషనరే. అసాధారణ పరిస్థితులలో ఆయన కమిటీ మాటను కాదనవచ్చును. అయితే కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. ఆ అధికారాన్ని తన క్రింది ఉద్యోగికి అప్పగించడానికి వీలులేదు. ఈ చిన్న నియమంలో గొప్ప వివేకమున్నదని నాకు తోచింది. కూల్చేవాడు తన పేరుతో, తన చేతితో కారణం వ్రాయాలి. నాచేత ఆనాడు ఎవరైనా కారణం వ్రాయించి ఉంటే ఆ పలక నిలిచేది.

అన్నింటికంటె మనకు ఉపకరించేది ఆ జాబితాలోని శ్రేణుల విభజన. మొదటి శ్రేణిలో జాతీయ, చారిత్రక ప్రాముఖ్యమున్న కట్టడాలు ఉంటాయి. వాటి లోపలగాని వెలుపలగాని, కట్టడాన్ని దృఢపరచి ఆయుర్దాయం పెంచడానికి అవసరమైతే తప్ప, చేయి వేయరాదు. రెండవ శ్రేణిలో స్థానిక ప్రాముఖ్యం గలవి ఉంటాయి. వీటిని మళ్ళీ రెండు ఉపశ్రేణులుగా విభజించారు. లోపలి మార్పులను, కొత్త ఉపయోగాలను చాలావరకు అనుమతిస్తారు. వెలుపలి రూపం విషయంలో మాత్రం పట్టుదల వహిస్తారు. మూడవ శ్రేణి భవనాలు విడివిడిగా ఘనమైనవి కాకపోయినా వీధికి ఒక పోలిక తెస్తాయి. వాటికి మార్పుల విషయంలో స్వేచ్ఛ ఎక్కువ. అంటే పరిరక్షణ అన్నది దేనినీ ముట్టుకోరాదనే మడి కాదు.

మొదటి శ్రేణికి ఉదాహరణ కోసం మనం దూరం వెళ్ళనక్కరలేదు. ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ రూపకల్పనలో 1878లో నిర్మాణం ఆరంభమైన విక్టోరియా టెర్మినస్‌కు 1887లో రాణిగారి స్వర్ణోత్సవం సందర్భంగా ఆ పేరు పెట్టారు. ఈనాడది ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2018లో ఓవల్ మైదానం చుట్టూ ఉన్న గోథిక్, ఆర్ట్ డెకో భవన సముదాయానికి కూడా ఆ గౌరవం దక్కింది. అయినా ఆ స్టేషనులో రైళ్ళు ఆగలేదు. లక్షలమంది దిగుతూనే ఉన్నారు. దాదాభాయి నౌరోజీ మార్గంలో కమానుల శిల్పాన్ని కప్పివేసిన దుకాణాల బోర్డులను ఒక పద్ధతిలోకి తెచ్చారు. దుకాణాలు మూతపడలేదు. నేను తొమ్మిదవ తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు ఒక బాలిక, "టీచర్, బోర్డు చిన్నదైతే గోడ పెద్దదయింది" అన్నది. నేను చెప్పదలచిన పాఠం ఆ ఒక్క వాక్యంలో ముగిసింది.

ఈ విషయంలో మన తెలుగువారికి పరాయితనం లేదు. కామాఠీపురా అన్న పేరు నైజాం రాజ్యం నుండి పొట్టచేతబట్టుకొని వచ్చి స్థిరపడిన కామాటి కూలీల వలన ఏర్పడినది. ఈ నగరపు నిర్మాణపు పనులలో తెలుగు తాపీ పనివారు, కూలీలు చెమటోడ్చారు. తరువాతి తరాలలో పద్మశాలీలు మిల్లుల మగ్గాల వద్ద నిలబడ్డారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె తరువాత మన హాజరు పట్టికలలో ఎన్ని పేర్లు కొట్టివేయబడ్డాయో పాత రిజిస్టర్లే చెబుతాయి. వారసత్వ భవనాల గోడలపై వాస్తుశిల్పి పేరు ఉంటుంది. రాయి మోసినవారి పేరు ఉండదు. మన చెక్క పలకకు ఉండిన విలువ అదే.

అయితే కమిటీ చేయలేని పనులను కూడా నిష్పక్షపాతంగా చెప్పాలి. జాబితాలో చేరినంత మాత్రాన పైకప్పు కారడం ఆగదు. ఇనుప చట్రంతో 1860ల దశకంలో నిర్మించిన వాట్సన్ హోటలు, అనగా నేటి ఎస్ప్లనేడ్ మాన్షన్, 1896లో మన దేశంలో మొదటిసారి చలనచిత్రం ప్రదర్శించిన చోటు. అది జాబితాలోని భవనమే. అయినా 2005లో దానిలో కొంత భాగం కూలి ప్రాణనష్టం జరిగింది. 2019లో నివాసులను ఖాళీ చేయించవలసి వచ్చింది. గౌరవం ఒకచోట, మరమ్మతు ఖర్చు మరొకచోట ఉంటే జరిగేది అదే. ఈ చిక్కును తీర్చడానికి నిబంధనలలో ఒక ఉపాయమున్నది. తన స్థలంలో అదనంగా కట్టుకునే అవకాశం కోల్పోయిన యజమానికి ఆ హక్కును వేరొక చోటికి బదిలీ చేసుకునే వీలు కల్పించారు. ఉపాయం మంచిదే. కాని ఆ ఫలం తిరిగి పాత గోడకు చేరేటట్లు చూసేవారు ఉండాలి.

రెండవ మాట మరింత కష్టమైనది. పరిరక్షణ మాట వినగానే కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. వర్లీలోని బి.డి.డి. చాళ్ళలో నూట అరవై చదరపు అడుగుల గదిలో, వరుసలో నిలబడి నీళ్ళు పట్టుకొని పెరిగిన పూర్వ విద్యార్థులు ఈ సభలో ఉన్నారు. 1920ల నాటి ఆ చాళ్ళ స్థానంలో ఐదువందల చదరపు అడుగుల ఇళ్ళు వస్తుంటే వారిని ఎవరు తప్పుపట్టగలరు? 2012లో దాదరు, శివాజీ పార్కు ప్రాంతాలను కొత్త వారసత్వ జాబితాలో చేర్చాలని ప్రతిపాదించినప్పుడు అక్కడి నివాసులలో అనేకులు అభ్యంతరం తెలిపారు. వారు చరిత్ర ద్వేషులు కారు. తమ ఇంటి భవిష్యత్తు తమ చేయి దాటిపోతుందేమోనని భయపడ్డారు. అందుకే జాబితాకు ముందు ప్రజల అభ్యంతరాలు, సూచనలు కోరాలన్న నియమం ఉన్నది. వినకుండా చేసే పరిరక్షణ కూడా ఒక విధమైన కూల్చివేతయే.

జాబితా చెదిరిపోతే ఏమవుతుందో హైదరాబాదు ఉదంతం చెబుతుంది. అక్కడా 1995లోనే వారసత్వ కట్టడాల జాబితా ప్రకటించారు. 2015లో ఆ నిబంధనను తొలగించారు. 2019లో ఎర్రమంజిల్ రాజప్రాసాదం ఉన్నచోట కొత్త శాసనసభా భవనం కట్టాలని సంకల్పించినప్పుడు పౌరులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆ యేడు సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఒక్కొక్క గోడ కోసం కోర్టుకు వెళ్ళడం కంటె ముందే కూర్చొని జాబితా వ్రాసుకోవడం తేలిక.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. మన భవనం నగరపు జాబితాలో లేదు. మనకు ఏ కమిటీ అనుమతీ అక్కరలేదు. కనుకనే మన బాధ్యత ఎక్కువ. మనమే కమిటీగా కూర్చోవాలి. నా మనసులోని జాబితాను మీ ముందుంచుతున్నాను. మీ అభ్యంతరాలను, సూచనలను ఆహ్వానిస్తున్నాను.

మొదటి శ్రేణిలో తొలి సంవత్సరం నుండి ఉన్న ప్రవేశ రిజిస్టర్లను చేరుస్తాను. పిల్లవాని పేరు ప్రక్కన తండ్రి వృత్తి, స్వగ్రామం వ్రాసిన ఆ పుటలు ఈ నగరపు తెలుగువారి చరిత్ర. వాటి ప్రతులు తీయించి భద్రపరచకుండా ఒక్క ఇటుక కూడా కదపరాదు. రెండవ శ్రేణిలో సమావేశ మందిరాన్ని, టేకు మెట్లను చేరుస్తాను. లోపల దీపాలు, పంఖాలు, కంప్యూటర్లు ఏవైనా రానివ్వండి. ఆ మెట్ల అంచులు మూడు తరాల పాదాలతో అరిగినవి. ఇంజనీరు పరీక్షించి అవి నిలువవని వ్రాసి సంతకం చేస్తే తలవంచుతాను. అంతవరకు వద్దు. మూడవ శ్రేణిలో తరగతి గదులున్నాయి. వాటిని స్వేచ్ఛగా మార్చుకోవచ్చును. ఇక ఆడపిల్లల మరుగుదొడ్లు, చీకటి ప్రయోగశాల ఏ శ్రేణిలోనూ లేవు. వాటిని రేపే కూల్చి కొత్తవి కట్టండి. మొదటి గునపం నేనే అందిస్తాను.

తెలుగు మాధ్యమంలో చేరే పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. పిల్లలు లేని బడిని ఏ నిబంధనా బడిగా నిలపలేదు. అది గోడలుగా మాత్రమే మిగులుతుంది. కొత్త గదులు కోరే తల్లిదండ్రులు, పాత మందిరం కోరే పూర్వ విద్యార్థులు శత్రువులు కారని, ఇద్దరూ ఈ బడినే కోరుతున్నారని నేను నమ్ముతున్నాను.

చివరిగా ఒక విన్నపం. మందిరం వెనుకవైపు బల్లపై ఒక నోటుపుస్తకం ఉంచాము. ఆ పలక మీద మీ తాతగారి పేరో, ముత్తాతగారి పేరో ఉండేదని మీకు తెలిస్తే, దయచేసి అందులో వ్రాసి వెళ్ళండి. ఇప్పటికి పదకొండు పేర్లు దొరికాయి. మొదటి పేరు ఆనాడు మనుమరాలితో వచ్చిన పెద్దాయన తండ్రిగారిది. దానిని నేనే వ్రాశాను.